తలకి పది చదరపు అడుగుల టెన్నిస్

మా బడికి టెన్నిస్ కోర్టు వచ్చిన మూడో నెలలో, ఆ కోర్టు ఖాళీగా పడి ఉంటోందని పైనుంచి కాగితం వచ్చింది.

పడి ఉండటమేమిటి, నా తలకాయ! పొద్దున్న ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా నేనూ నా పిల్లలూ అందులో చెమటలు కక్కుతూనే ఉన్నాం. కాకపోతే టెన్నిస్ అనే ఆటలో ఒక దోషం ఉంది. ఎంత పెద్ద కోర్టయినా అందులో ఇద్దరే ఆడతారు. మరీ జనం పోగయితే నలుగురు. ఆ ఆట కనిపెట్టినవాడెవడో మా శాఖలో పనిచేసి ఉండడు, లేకపోతే ఇలాంటి పొరపాటు జరిగేది కాదు.

నా పేరు వరహాలమ్మ. శ్రీకాకుళం జిల్లాలో జీడితోటల మధ్య ఉన్న ఒక బాలికల గురుకులంలో వ్యాయామ ఉపాధ్యాయినిని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నేను అసలు కబడ్డీ మనిషిని. నా నోరు మంచిది కాదని శాఖలో అందరికీ తెలుసు, ఇప్పటికి మూడు బదిలీలు ఆ నోటి చలవే. ఎవరో పెద్దమనిషి కాలం చేసిన తన తల్లి పేరు మీద మా బడికి కోర్టు కట్టించి ఇచ్చాడు. ఆవిడ టెన్నిస్ ఆడేవారా అని అడిగితే, "లేదండీ, అమ్మకి ఆకుపచ్చ రంగంటే ఇష్టం" అన్నాడు. శాఖవారు నన్ను ఆరు రోజుల శిక్షణకి పంపించారు. నేను తిరిగొచ్చి, ఆయనే ఇచ్చిన పన్నెండు రాకెట్లతో మొదలుపెట్టాను.

మొదటి వారంలోనే పైడిలక్ష్మి నా కంట్లో పడింది. తొమ్మిదో తరగతి. ఎండుకట్టెలా ఉంటుంది, మాట తక్కువ. బంతి ఎక్కడ పడబోతోందో బంతికంటే ముందు ఆ పిల్లకే తెలుస్తుంది. వాళ్ళమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. జీడినూనె తగిలి తగిలి ఆవిడ వేళ్ళు నల్లగా పొక్కిపోయి ఉంటాయి. తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినప్పుడు ఆ వేళ్ళు కొంగులో దాచుకుని, "పది అయిపోతే నా పక్కనే కూకోబెట్టుకుంతాను మేడం, మేస్త్రీకి సెప్పీసినాను" అంది. విశాఖలో ఉన్న టెన్నిస్ అకాడమీలో మా జిల్లాకి ఒక్క సీటు ఉంది. తిండి, చదువు, ఆట అన్నీ వాళ్ళే చూసుకుంటారు. డిసెంబరులో ఎంపిక పోటీలు. ఆ ఒక్క సీటు ఈ పిల్లకి ఇప్పించాలని నేను పట్టుబట్టాను. ఈ కథంతా ఆ సీటు గురించే.

జూలై నెలాఖరున ఒక ఉదయం మా బడి ముందు జీపు ఆగింది. అందులోంచి కూర్మారావు గారు దిగారు. ఆయన హోదా పేరు జిల్లా సదుపాయాల సద్వినియోగ పర్యవేక్షణాధికారి. ఆ హోదా పుట్టి అప్పటికి నాలుగు నెలలయింది. మనిషి మహా సౌమ్యుడు. ఎవరినీ పల్లెత్తు మాట అనరు, అనవలసినవన్నీ కాగితం మీదే అంటారు.

ఆయన వచ్చేసరికి కోర్టులో పైడీ, ఇంకో పిల్లా ఆడుతున్నారు. గట్టు మీద యాభై మంది కూర్చుని ఉన్నారు.

"వీళ్ళేం చేస్తున్నారమ్మా?" అన్నారు గట్టు వైపు చూపించి.

"వంతు కోసం చూస్తున్నారు సార్."

"అంటే ఏమీ చేయడం లేదు."

"చూసి నేర్చుకుంటున్నారు సార్."

"చూడటం కార్యకలాపం కాదమ్మా. మన ఫార్మాట్‌లో చూడటానికి గడి లేదు."

జీపు డ్రైవరు టేపు ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస మా వంటమనిషి పట్టుకుంది. పొడవు డెబ్బై ఎనిమిది అడుగులు, వెడల్పు ముప్పై ఆరు. కూర్మారావు గారు సెల్‌ఫోన్‌లో లెక్క కట్టారు.

"రెండు వేల ఎనిమిది వందల ఎనిమిది చదరపు అడుగులు. తరగతి గదిలో విద్యార్థినికి పది చదరపు అడుగులని శాఖా ప్రమాణం. ఆ ప్రకారం ఈ సదుపాయం సామర్థ్యం రెండు వందల ఎనభై పాయింట్ ఎనిమిది మంది. మీరు ఆడిస్తున్నది ఇద్దర్ని. వినియోగం ఒక్క శాతం కూడా లేదు. చాలా విచారకరం."

"సార్, ఇది తరగతి గది కాదు. ఆటస్థలం."

"ఇక్కడ పిల్లలు నేర్చుకుంటున్నారా లేదా?"

"నేర్చుకుంటున్నారు."

"విద్యార్థులు నేర్చుకొను స్థలమే తరగతి గది. నిర్వచనం ఉత్తర్వు మూడో పేజీలో ఉంది."

"రెండొందల ఎనభై మంది నిలబడితే మరి బంతి ఎక్కడ పడాలి సార్?"

ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, ఆ మాట ఒప్పుకోవాలి. చివరికి, "బంతికి విడిగా స్థలం కేటాయించే నిబంధన లేదు. మీరు స్థానికంగా సర్దుబాటు చేసుకోండి" అన్నారు.

మా ప్రిన్సిపాల్ అన్నపూర్ణేశ్వరి గారికి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమనే రకం. "పోనీలే వరాలమ్మా, నిలబెట్టడమేగా. అసెంబ్లీలో నిలబెట్టట్లేదూ?" అన్నారు.

నిలబెట్టాను. వలకి అటు నూట నలభై, ఇటు నూట నలభై. మిగిలిన పాయింట్ ఎనిమిది మాటేమిటని రాతపూర్వకంగా అడిగాను. వెటకారానికే అడిగాను. వారం తిరక్కుండా జవాబు వచ్చింది: "అంకెను పైకి సవరించుటకు అనుమతి లేదు. కావున తక్కువ ఆకారము గల ఒక విద్యార్థినిని గుర్తించి భర్తీ చేయవలెను." ఆరో తరగతిలో దమయంతి అని ఒక పిల్ల ఉంది, పేరే మనిషికన్నా పొడుగు. దాన్ని గుర్తించాము. "నాను ముప్పాతిక పిల్లనా మేడం?" అని రెండు రోజులు మొహం ముడుచుకుంది. కోర్టులో అందరికన్నా ముందు నిలబెడతానంటే గాని నవ్వలేదు.

ఇక అక్కడి నుంచి చూడాలి మా తిప్పలు. మొదటి రోజు రాకెట్లున్న పన్నెండు మంది చెయ్యి ఎత్తితే పదకొండు ముక్కులు అదిరాయి. రెండో రోజు నుంచి మోచెయ్యి డొక్కకి ఆనించి, మణికట్టుతోనే కొట్టాలని నియమం పెట్టాను. సర్వీసు కూడా కిందనుంచే.

ఆగస్టులో కూర్మారావు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి నీళ్ళ ట్యాంకు మీదికెక్కి ఫోటో తీశారు. ఆయన పద్ధతి చాలా తేలిక. ఫోటోలో ఆకుపచ్చ ఎక్కడైనా కనబడిందంటే అది ఖాళీ కింద లెక్క. మూల మీద చారెడు పచ్చదనం కనబడితే, "ఇక్కడ లోపం" అని ఎర్ర సిరాతో చుట్టారు. దిగి వచ్చి ఇంకో లోపం పట్టుకున్నారు.

"క్రీడాకారిణులు రెండు వందల ఎనభై ఒక్కరు. పరికరాలు పన్నెండు. మిగతావారు ఉత్త చేతులతో పాల్గొంటున్నారు. అందుబాటులో ఉన్న వనరులతో సమన్వయం చేసుకోలేకపోయారా?"

నాకు ఒళ్ళు మండింది. "ఎందుకు చేసుకోలేం సార్, ఒక్కో పిల్లకీ ఒక్కో అన్నం పళ్ళెం ఉంది కదా. అవి పట్టుకుని ఆడిస్తాను!" అన్నాను.

ఆయన జేబులోంచి కలం తీశారు. నాలుగో రోజుకి ఉత్తర్వు వచ్చేసింది. భోజన పథకానికీ క్రీడా పథకానికీ మధ్య సమన్వయం సాధించిన వినూత్న ఆలోచనకు గాను శ్రీమతి వరహాలమ్మను అభినందిస్తూ, స్టీలు పళ్ళెములను క్రీడా పరికరములుగా గుర్తించడమైనది. నా నోటికి నాలుగో బదిలీ వచ్చినా ఇంత బాధపడేదాన్ని కాదు.

రెండొందల అరవై తొమ్మిది పళ్ళేలు. టంగు టంగున మోగిపోతుంటే పక్క తోటలో జీడిచెట్ల మీది కాకులు ఊరు వదిలి పోయాయి. నూట నలభై మంది అడ్డం ఉన్నాక బంతి నేల మీద పడడమే మానేసింది. ఎవరి పళ్ళేనికో తగలడం, అటు పోవడం, మళ్ళీ ఎవరి పళ్ళేనికో తగలడం. ఒకరోజు సాయంత్రం మొదలైన ఆట భోజనం గంట కొట్టినా పాయింటు రాక అలాగే ఆగింది. మర్నాడు ఎక్కడ ఆపామో అక్కడినుంచి మొదలెట్టాం. "ఓటమి లేని క్రీడా విధానం" అని కూర్మారావు గారు నివేదికలో రాసుకున్నారు.

పైడి మాటకొస్తాను. అది వెనక నుంచి రెండో వరసలో నిలబడేది. పట్టుబట్టి దానికి రాకెట్టయితే ఉంచాను గాని, బంతి ఇప్పించడం నా వల్ల కాలేదు. ఒక పూటలో దాని దగ్గరికి మూడుసార్లు వస్తే గొప్ప. డిసెంబరు దగ్గర పడుతోంది. ఆటలో ఉన్న పిల్లకి రోజుకి మూడు దెబ్బలా! పొద్దున్న ఐదింటికి లేపి విడిగా ఆడిద్దామంటే, నిర్ణీత సంఖ్య లేకుండా సదుపాయాన్ని తెరవరాదని గేటుకి తాళం. తాళం చెవి ప్రిన్సిపాల్ గారి బొడ్లో. నేను గోడ పక్కన నిలబడి తిట్టని తిట్టు లేదు.

అక్టోబరులో ఒక రోజు, ఎవరూ ఊహించనిది జరిగింది. బంతి నేల మీద పడింది. అందరూ ఆటాపి కిందికి చూశారు. పైడి కొట్టిన బంతి అది. ఇద్దరు పిల్లల మధ్య జానెడు సందులోంచి దూరి, వెనక వరసలో ఇంకో ఇద్దరి కాళ్ళ మధ్య నేలని తాకింది. మర్నాడు మళ్ళీ అలాగే పడింది. ఆ మర్నాడు మూడు దెబ్బలకి మూడూ పడ్డాయి.

"ఎలా కొడుతున్నావే?" అనడిగాను.

"సందు సూసుకుంతాను మేడం. గౌరి సెవి గోక్కుంతాది, అప్పుడు ఎడం పక్క ఒగ్గీస్తాది. సుజాత తుమ్మినప్పుడు ఎనక్కి జరుగుతాది. మూడు బంతులేగా వొచ్చేది, పాడు సేసుకుంతే ఎలాగ?" అంది.

వెళ్ళి స్టోరు గదిలో కూర్చుని ఏడ్చాను. సంతోషానికో, దుఃఖానికో నాకే తెలియదు.

ఎంపిక పోటీల దరఖాస్తు వచ్చింది. అందులో క్రీడాకారిణి పేరు రాయడానికి ఒకే గీత ఉంది. ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టనన్నారు. "ఒక్క పేరే రాస్తే మిగతా రెండొందల ఎనభై మందీ ఖాళీగా ఉన్నట్టు మనమే ఒప్పుకున్నట్టు కదా వరాలమ్మా. ఆయన ఊరుకుంటారా?"

మా హెడ్ క్లర్కు సన్యాసిరావు భూమి తగాదాల ఆఫీసులో పదిహేనేళ్ళు చేసి వచ్చినవాడు. "దీనికింత గాబరా ఏటి? రోజుకి పది రాసీవోణ్ణి నాను," అని ఆ గీత మీద చక్కగా రాశాడు: "సాసుబిల్లి పైడిలక్ష్మి మరియు ఇతరులు."

ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారు. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. ఆ రెండు మాటలు కొంప ముంచుతాయని అప్పుడు తట్టలేదు.

విశాఖ వెళ్ళాం. ఇతరులకి బస్సు చార్జీలు మంజూరు కాలేదు గనుక మేమిద్దరమే వెళ్ళాం. ఆఖరి ఆటలో ఎదుటి పిల్ల బాగా ఉన్నవాళ్ళ పిల్ల. సంచిలో మూడు రాకెట్లు, నుదుటికి పట్టీ, వెనక మడత కుర్చీలో నాన్న. మా పైడి కోర్టులోకి అడుగుపెట్టి, చుట్టూ చూసి, గబగబా నా దగ్గరికి వెనక్కి వచ్చేసింది.

"మేడం, ఇంత కాళీయా! నా పక్కన ఎవుల్నేరా?"

"లేరు. నువ్వొక్కదానివే."

"అటేపో?"

"అటువైపూ ఒక్కత్తే."

పైడి వల అవతలికి చూసింది. మెల్లగా దాని మొహం విప్పారింది. "ఒక్క మనిసేనా! అయితే అదంతా సందే కదా మేడం!" అంది.

ఆ తర్వాత జరిగింది ఆట అనడానికి నాకు నోరు రాదు. జానెడు సందులో బంతి పెట్టే పిల్లకి ముప్పై అడుగుల సందు దొరికింది. మోచెయ్యి డొక్కకి ఆనే ఉంటుంది, ఒక్క మణికట్టు కదులుతుంది. బంతి ఎటు వస్తుందో ఎదుటి పిల్లకి అర్థమయ్యేలోగా అది వెళ్ళి కంచెకి తగులుతోంది. ఆరు ఒకటి, ఆరు సున్నా. వాళ్ళ నాన్న కుర్చీ మడిచేశాడు. అకాడమీ కోచ్ నా దగ్గరికి వచ్చి, "ఈ మణికట్టు ఎవరు నేర్పారండీ?" అనడిగాడు. మా శాఖ నేర్పిందని చెప్పాను. నమ్మలేదు.

పైడికి సీటు వచ్చింది. బడంతా పళ్ళేలు మోగించారు. వాళ్ళమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, మేస్త్రీకి కుదరదని చెప్పేస్తానంది. సరిగ్గా పదిరోజులకి ఉత్తర్వు వచ్చింది.

"సదరు క్రీడాకారిణి సాధించిన విజయము సామూహిక శిక్షణా విధానపు ఫలితము అగుటచేతను, దరఖాస్తు సదరు క్రీడాకారిణి మరియు ఇతరుల పేరిట దాఖలైనందువలనను, మంజూరైన ఒక సీటును దరఖాస్తుదారులందరికీ సమాన ప్రాతిపదికన పంచవలెను. ఆదివారములు, సెలవులు పోను అకాడమీ సంవత్సరమునకు రెండు వందల ఎనభై ఒక్క దినములు పనిచేయును. కావున ఒక్కొక్కరికి ఒక్కొక్క దినము."

రోజులూ పిల్లలూ లెక్క సరిగ్గా సరిపోయినందుకు కూర్మారావు గారు దీన్ని దైవసంకల్పంగా భావించారట. దమయంతికి మాత్రం మధ్యాహ్నం మూడింటి దాకానే. అక్షర క్రమంలో పైడి వంతు నూట అరవై మూడో రోజు.

ఉత్తర్వు చదివి వినిపించాను. పైడి తల వంచుకుని విని, "ఆ ఒక్కరోజున బంతులెన్ని ఇస్తారు మేడం?" అని అడిగింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత సిగ్గుపడ్డ రోజు నాకు లేదు. మర్నాడే సెలవు పెట్టి జిల్లా ఆఫీసుకి వెళ్ళాను. దెబ్బలాడదామనే వెళ్ళాను, ఉద్యోగం ఊడినా సరే అనుకున్నాను.

కూర్మారావు గారు టీ తెప్పించారు. "అమ్మా, మీ ఆవేదన అర్థం చేసుకోగలను. కానీ ఒక్కరికే ఇస్తే మిగిలిన రెండు వందల ఎనభై మంది అవకాశం నిరుపయోగమైనట్టే కదా. నేనుండగా ఒక్క సదుపాయం ఖాళీగా ఉండడానికి వీల్లేదు."

ఆ ఆఖరి మాట దగ్గర నా కోపం ఠక్కున ఆగింది. కప్పు కింద పెట్టాను.

"అయితే సార్, ఒక పిల్లకి తన రోజున ఒంట్లో బాగోలేదనుకోండి. సీటు ఆ రోజుకి ఖాళీయేనా?"

ఆయన ఉలిక్కిపడ్డారు. "ఎంతమాట! అలా ఎలా కుదురుతుంది? సెలవు చీటీ ఇచ్చి, తన బదులు ఎవరు హాజరవుతారో కింద పేరు రాయాలి. ఉద్యోగులందరం చేసేదే కదమ్మా."

"ఆ పేరు ఎవరిదైనా కావచ్చా?"

"దరఖాస్తుదారులలో ఒకరైతే చాలు."

"ఒకే పిల్ల పేరు ఎంతమంది రాసినా ఫరవాలేదా?"

ఆయన ఉత్తర్వుల పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పారు. "పరిమితి విధించే నిబంధన కనబడటం లేదు."

"చీటీ ముందుగా ఇవ్వచ్చా సార్?"

"ముందుగా ఇస్తే మరీ సంతోషం! ముందస్తు సమాచారమే ఉత్తమ సంప్రదాయం."

నేను లేచి రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. పై అధికారికి మనస్ఫూర్తిగా దండం పెట్టడం నాకు అదే మొదటిసారి.

మర్నాడు భోజనాల హాల్లో పళ్ళేలు తీయించి కాగితాలు పంచాను. సెలవు చీటీ నేర్పవలసిన పనేముంది! మన పిల్లలు ఎక్కాలు మరిచిపోతారేమో గాని అది మరిచిపోరు. "అయ్యా, నేను జ్వరముతో బాధపడుచున్నందున" అని అందరూ ఒక్క గొంతుతో మొదలెట్టారు. మార్చవలసింది ఒక్క ముక్కే. రాబోయే జూలై పదకొండున జ్వరముతో బాధపడబోవుచున్నందున, రాబోయే సెప్టెంబరు మూడున జ్వరముతో బాధపడబోవుచున్నందున. కింద గీత మీద అందరూ ఒకే పేరు రాశారు. పైడి ఆ మూల నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

దమయంతి మాత్రం కాగితం ముట్టలేదు.

"నాకు జొరం రాదు. నానెల్తాను," అంది. "ఆ అకాడమీ కాడ పూటకి రెండు గుడ్లు పెడతారంట."

పెద్దపిల్లలు కస్సుమన్నారు. నేను కూడా నోరు తెరిచాను. అంతలో పైడి వచ్చి దాని ముందు గొంతుక్కూర్చుంది. "ఎల్లవే. నీ రోజు నీదే. ఎవులూ అడ్డు సెప్పరు," అంది. అని దాని ముందున్న కాగితం తనే తీసి పక్కన పెట్టింది.

దమయంతి పెన్సిలు చివర కొరుకుతూ పైడి మొహంలోకి చూసింది. తర్వాత కాగితం లాక్కుని బోర్లా పడుకుని రాసింది. రాసి నా చేతికిచ్చింది. "అయ్యా, నాకు ముప్పాతిక జ్వరము వచ్చుచున్నందున." వెంటనే పైడికి ఒక షరతు చెప్పింది. సెలవులకి వచ్చినప్పుడల్లా ఒక గుడ్డు జేబులో తేవాలి. పైడి ఒప్పుకుంది.

రెండొందల ఎనభై చీటీలూ తీసుకెళ్ళి కూర్మారావు గారి బల్ల మీద పెట్టాను. ఆయన ఒక్కొక్కటే చదివారు. నుదుట చెమట పట్టింది.

"ఇన్ని జ్వరాలేమిటమ్మా!"

"రోజుకి ఒక్కటే సార్. ఒకే రోజున రెండు జ్వరాలు ఎక్కడైనా ఉన్నాయేమో మీరే చూడండి."

ఆయన మళ్ళీ మొదటినుంచీ చూశారు. "లేవు," అన్నారు ఊపిరి వదిలి. "అంటే అంటువ్యాధి కాదన్నమాట."

"కాదు సార్. ప్రణాళికాబద్ధమైన జ్వరాలు."

ఆ మాట ఆయనకి నచ్చింది. అన్నిటి మీదా ముద్ర వేశారు. తేదీల జాబితా ఒకటి వైద్య శాఖకి పంపించారు. ఆ ఏడాదంతా మా ఊరి నర్సమ్మ రోజుకో పిల్ల పేరు పిలిచి రోజుకో మాత్ర ఇచ్చి వెళ్ళింది. కూర్మారావు గారికి ఆ తర్వాత ప్రమోషను వచ్చింది. ఇప్పుడు ఆయన రాష్ట్రంలోని ఈత కొలనుల సామర్థ్యాన్ని ఘనపుటడుగుల్లో లెక్క కడుతున్నారని విన్నాను.

జూన్‌లో పైడి విశాఖ వెళ్ళింది. మొదటి రోజు అనసూయ బదులు ఆడింది, రెండో రోజు అప్పలనరసమ్మ బదులు ఆడింది. హాజరు పట్టీలో రోజుకో పేరు, కోర్టులో రోజూ అదే పిల్ల. వాళ్ళమ్మ నెలకోసారి వెళ్ళి కంచె పట్టుకుని నిలబడి చూసి వస్తోంది.

డిసెంబరులో ఒక ఉదయం అకాడమీ కోచ్ ఫోన్ చేశాడు. "మేడం, మీ పిల్లకి నూట రెండు జ్వరం. పడుకోమంటే వినడం లేదు. రాకెట్ పట్టుకుని కోర్టులో నిలబడింది. మీరైనా చెప్పండి."

ఫోన్ దానికిమ్మన్నాను. "ఏటే, ఒళ్ళు కాలిపోతుంటే ఆటేటి? చీటీ రాసి పడుకోలేవూ?"

"నాను రాయను మేడం," అంది పైడి. "రోజూ ఎవులిదో ఒకలి రోజు ఆడతన్నాను. ఇయ్యాల నూట అరవై మూడో రోజు. ఇదొక్కటే నాది."

మాత్ర వేసుకుని ఆడమన్నాను.